బాపుకు వకీలును పెట్టిన ముచ్చట

మా బాపుకు వకీలును పెట్టింది నేను. ఈ మాట మొదలే చెప్పేస్తే నాకు మనసు నిమ్మళం. మా వాడలో ఈ ముచ్చటను ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. అల్లుడు పెట్టాడని కొందరు, బాపే జైలు నుంచి కబురు పంపాడని కొందరు, ఎవరో యూనియన్ వాళ్లు వెనక ఉండి నడిపించారని ఇంకొందరు. ఆడపిల్ల పెట్టిందంటే వాళ్లకు ముద్ద దిగదు. దిగకపోతే నేనేం చేయను? వద్దన్నవాళ్లందరి మధ్య నుంచి నడుచుకుంటూ పోయి నేనే పెట్టాను. వద్దన్నవాళ్లలో అందరికన్నా గట్టిగా వద్దన్నది మా బాపే.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. మానేరు ఒడ్డున మాది నేతగాళ్ల వాడ. గుంట మగ్గాల చప్పుడు తగ్గుతూ, కరెంటు మీద నడిచే సాంచెల చప్పుడు పెరుగుతున్న రోజులవి. మా ఇంట్లో బాపుది ఒక మగ్గం, మా ఆయనది ఒక మగ్గం. నాకు అన్నదమ్ములు లేరు కనుక ఆయనను ఇల్లరికం తెచ్చుకున్నారు. అవ్వా, అంటే మా అమ్మా, నేనూ నూలు కండెలు చుట్టేవాళ్లం. నూలు సేటు ఇచ్చేవాడు, నేసిన బట్ట సేటే తీసుకునేవాడు, మధ్యలో నడుములు మావి పోయేవి. సేటంటే ఎక్కడి నుంచో వచ్చినవాడు కాదు, మా కులంవాడే. వాళ్ల నాయనా మా తాతా పక్కపక్క ఇళ్లలో నేసినవాళ్లు.

ఆ ఏడు సేటు సాంచెలు తెచ్చి, మగ్గం మీద నేసేవాళ్ల కూలి తగ్గించాడు. బాపూ, ఇంకో నాలుగిళ్ల వాళ్లూ నేత ఆపేశారు. మా బాపు కోపిష్టి కాదు. నా కోపమంతా అవ్వ వైపు నుంచి వచ్చింది. బాపు మెల్లగా, "గీ కూలికి నేసుడు కంటె ఊకె కూసునుడు నయం" అన్నాడు. అని నిజంగానే ఊరికే కూర్చున్నాడు. ఆయన చేసిన పోరాటమంతా అదే. సేటుకు ఆ మాత్రం కూడా కంట్లో నలుసైంది.

నేత ఆపిన కొన్నాళ్లకు, ఎండాకాలం మధ్యాహ్నం, సేటు నూలు గోదాము అంటుకుంది. ఎట్లా అంటుకుందో నాకు ఈనాటికీ తెలియదు. ఎండిన గడ్డిలాగా ఉంటుంది నూలు. గోదాము గోడ పక్కనే హమాలీలు బీడీలు తాగేవాళ్లు. వాళ్ల మీద నేను నింద వేయను, నింద పడితే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. వాడంతా బిందెలు పట్టుకుని ఉరికింది. బాపూ ఉరికాడు. నూలు మూటలు బయటికి లాగుతుంటే కుడి చెయ్యి కాలింది. ఆ కాలిన చేతినే తర్వాత పోలీసులు సాక్ష్యంగా రాసుకున్నారు.

ఇక్కడ మా కులపంచాయతి రివాజు ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాదేదీ తలకెక్కదు. తగువు ఎవరిదైనా కానివ్వండి, పెద్దల ముందుకు వచ్చిన ఇద్దరూ ముందుగా భుజం మీది కండువా తీసి నేల మీద పరచాలి. వంగి, "తప్పు నాదే, కులం మన్నించాలె" అనాలి. నింద వేసినవాడూ అంటాడు, నింద పడ్డవాడూ అంటాడు. పెండ్లాన్ని కొట్టినవాడూ అంటాడు, నా మేక పోయిందని మొర పెట్టుకునేవాడూ అంటాడు. నా తల కంటే కులం తల పెద్దదని ఒప్పుకోవడమన్నమాట. అది అయ్యాకే అసలు విచారణ మొదలవుతుంది, అసలు తప్పు ఎవరిదో తేలుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే గనుక మాకెవరికీ అందులో వింత కనిపించేది కాదు.

గోదాము కాలిన మర్నాడు పొద్దున కులపెద్ద పంచాయతి పిలిచాడు. పోలీసుల దాకా ఎందుకు, మనలో మనమే తేల్చుకుందామన్నాడు. అంత మంచి మాట కాదంటామా? అవ్వా నేనూ మిగతా ఆడవాళ్లతో పక్కింటి అరుగు మీద కూర్చుని చూశాం. సేటు కండువా పరిచాడు, వంగాడు, రివాజు మాట అన్నాడు. బాపు కట్టు కట్టిన చేత్తోనే కండువా పరిచాడు, వంగాడు, అదే మాట అన్నాడు. ఇక పెద్దలు అడగడం మొదలుపెట్టాలి. అంతలోనే సేటు లేచి, "తప్పు తనదేనన్నడు. అందరు ఇన్నరు గదా. ఇగ ఇచారణేంది?" అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. కులపెద్ద నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆయన కొడుకులిద్దరూ సేటు సాంచెల మీదనే పని చేసేవాళ్లు.

ఆ సాయంత్రమే పోలీసులు వచ్చి బాపును తీసుకుపోయారు. కులం ముందు నేరం ఒప్పుకున్నాడని కులపెద్ద, ఇంకో ఇద్దరు సాక్ష్యం రాయించారు. పోలీసు దగ్గర ఒప్పుకున్న మాటకు కోర్టులో విలువ లేదట గానీ, నలుగురు పెద్దమనుషుల ముందు ఒప్పుకున్న మాటకు ఉంటుందట. ఇది నాకు తర్వాత తెలిసింది. కేసు మా ఊరి చిన్న కోర్టు దాటి కరీంనగర్ పెద్ద కోర్టుకు పోయింది. జమానతు మీద కూడా విడిచిపెట్టలేదు. బాపును కరీంనగర్ జైల్లో పెట్టారు. రుజువైతే ఏళ్లకు ఏళ్లు పడుతుందన్నారు. బాపు అప్పటికే దగ్గుతో సగమైన మనిషి. ఏళ్లంటే ఆయన బతికి రాడని నాకు అర్థమైంది.

కులపెద్ద మా ఇంటికి వచ్చాడు. వరసకు నాకు పెద్దబాపు. అరుగు మీద కూర్చుని, అవ్వ ఇచ్చిన మంచినీళ్లు తాగి, చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"బిడ్డా, సేటు గుణం మంచిది. ఆయన వకీలే మీ బాపు తరఫున గూడ ఎవలినో ఒకలిని జూస్తనన్నడు. మీ బాపు జడ్జి ముందర గూడ గదే మాట అంటె సాలు. తక్కువల తక్కువ పడ్తది. మీ మగ్గాలు నడుస్తయి."

"తక్కువంటె ఎంత పెద్దబాపూ?"

"అది జడ్జి ఇష్టం."

"చెయ్యని దానికి తక్కువేంది, ఎక్కువేంది?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "చూడు బిడ్డా. నువ్వు బయటి వకీలును తెస్తె, ఆయన నన్ను కోర్టుల నిలవెట్టి అడ్డదిడ్డం అడుగుతడు. నన్ను నిలవెట్టుడంటె కులాన్ని నిలవెట్టుడే. తర్వాత మీ ఇంటికి నిప్పు నీళ్లు ఎవలియ్యరు. నేను బెదిరిస్తలేను, ఉన్న ముచ్చట చెప్తున్న."

నిజంగానే బెదిరిస్తున్నట్టు లేదు. రేపు సంతకు పోవాలి అన్నంత మామూలుగా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బెదిరించినా బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని. ఆయన పోయాక అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"కులపోళ్లను కాదంటె రేపు నేను సస్తె మొయ్యనీకి నలుగురు రావద్దానే?"

"నువ్వు గిప్పుడే సస్తవా ఏంది? బాపు జైల్ల ఉన్నడు. ముందుగాల ఆయన ముచ్చట జూడు" అన్నాను. ఏడుస్తున్న తల్లితో అట్లా మాట్లాడతారా అని ఎవరైనా అంటే, అవును, నేను మాట్లాడతాను. ఏడవడానికి ఆమె ఉంది. ఇంకొకరు ఏడవకుండా ఉండాలి కదా.

మా ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. నేయడానికి నూలు లేదు, అయినా అక్కడే కూర్చున్నాడు. "వకీలు లేకుంటె కోర్టోళ్లే ఒకలను పెడ్తరట గదా" అన్నాడు. ఎవరన్నారంటే, ఎవరో అన్నారన్నాడు. మరి ఏం చేద్దామంటే, "నీ ఇష్టం" అన్నాడు. ఇల్లరికపు మనిషి, ఆ ఇంట్లో తనకు గొంతు లేదనుకునేవాడు పాపం. నేను ఊరుకోలేదు. "నీ ఇష్టం, నీ ఇష్టం. అన్నం పెట్టనా అంటె నీ ఇష్టం, మీద ఇల్లు కూలుతుందంటె నీ ఇష్టం. నీకంటు ఒక్క ఇష్టం లేదా?" అని విరుచుకుపడ్డాను. మర్నాడు పొద్దున ఉతికిన అంగీ వేసుకుని గుమ్మంలో నిలబడి, "కరీంనగర్ బస్సుకు యాళ్లయితుంది, నడువు" అన్నాడు. ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది పెళ్లినాడు కాదు, ఆ పొద్దున.

వకీలుకు డబ్బు ఎక్కడ పుట్టిందని అప్పుడు వాడంతా గుసగుసలాడింది. పుట్టింది. ఎట్లా పుట్టిందో అప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

కోర్టు కచేరి వెనక గల్లీలో ఒక ముసలి వకీలు ఉండేవాడు. నిజాం కాలం నుంచి వకాలతు చేస్తున్న మనిషి. చట్టమంతా ఉర్దూలో నేర్చుకుని, ఇప్పుడు ఇంగ్లీషులో వాదించవలసి వచ్చిందని అందరి మీదా విసుక్కునేవాడు. తెల్లటి గడ్డం, పాన్ నమిలి ఎర్రబడ్డ పెదాలు. మేము వరండాలో చాలాసేపు నిలబడ్డాక లోపలికి పిలిచాడు. మా ఆయనను చూసి, "క్యా కేసు?" అన్నాడు. మా ఆయన నన్ను చూశాడు. వకీలు కూడా నన్ను చూడక తప్పలేదు.

చెప్పాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"చేసిండా?"

"చెయ్యలే."

"ఇక్కడికొచ్చినోళ్లు అందరు గదే అంటరమ్మా."

"అననీయుండ్రి సాబ్. మీరు అడిగిన్రు, నేను చెప్పిన. నమ్ముతరో నమ్మరో మీ ఇష్టం."

కళ్లు తెరిచాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. రాలేదు. కోర్టే వకీలును పెడుతుందట గదా అని మా ఆయన అడిగితే, అది ఉరిశిక్ష పడే కేసుల్లో అని, దీనికి అట్లా ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. సేటు చూసే వకీలు సంగతి అడిగితే, "అతను ఎవరి ఉప్పు తింటడు?" అని మాత్రం అన్నాడు. చివరికి నేను అడగవలసింది అడిగాను.

"మీరు నిలవడితె మా బాపు ఇంటికొస్తడా?"

"జూటా మాట నేను చెప్ప. వకీలు ఉంటె సాక్షిని అడుగుతడు. లేకుంటె ఎవ్వరు అడగరు, వాడు చెప్పిందే రాసుకుంటరు. గంతే ఫరక్. ఆ ఫరక్ కోసం పెట్టుకుంటవా లేదా, నీ ఫైసలా."

ఆ జవాబు నాకు నచ్చింది. విడిపిస్తానని మాట ఇచ్చి ఉంటే నేను లేచి వచ్చేసేదాన్నే. పెట్టుకుంటానని చెప్పాను. అప్పుడు పంచాయతి ముచ్చట మొదటి నుంచి చివరి దాకా చెప్పమన్నాడు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు ముందు వచ్చారో చెబుతూ, సేటు కండువా పరిచాడు, తర్వాత బాపు పరిచాడు అంటూ పోతున్నాను. వకీలు నమలడం ఆపాడు.

"ఠైరో. సేటెందుకు పరిచిండు?"

"పరుచకుంటె ఎట్ల సాబ్? రివాజు గదా. ఇద్దరు పరుస్తరు."

"ఇద్దరు గదే మాట అంటరా?"

"ఇద్దరు అంటరు."

వకీలు లేచి పోయి వరండాలో పాన్ ఉమ్మి వచ్చాడు. వచ్చి కూర్చుని, ఈ ముచ్చట ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని అన్నాడు. పోలీసు కాగితాల్లో సేటు వంగిన సంగతి ఎక్కడా ఉండదని, ఉండదు కాబట్టే అడగాలని అన్నాడు. నాకు అప్పటికి పూర్తిగా అర్థం కాలేదు. మా ఆయనకు అయింది. బయటికి వచ్చాక చెప్పాడు.

కానీ ఒక అడ్డం పడింది. వకీలుకు అధికారమిచ్చే వకాల్తునామా మీద సంతకం నాది పనికిరాదు, బాపుదే కావాలి. "నీ వకీలును గాదు బేటీ, ఆయన వకీలును. ఆయన దస్తఖత్ లేకుంటె నేను జడ్జి ముందర నోరు తెరువలేను" అన్నాడు వకీలు. ఆ కాగితం ఇచ్చి తన గుమాస్తా మున్షీని మాతో జైలుకు పంపాడు.

బాపు కటకటాల వెనక నుంచి మమ్మల్ని చూసి నవ్వాడు. గడ్డం పెరిగింది. మెడ సన్నబడింది. అవ్వ ఎట్లుంది, మగ్గం ఎలుకలు కొరుకుతలేవు గదా అని అడిగాడు. మున్షీ కాగితం చూపించగానే ఆయన మొహం మారింది.

"గిది నాకొద్దు బిడ్డా."

"ఎందుకొద్దు?"

"చెయ్యనోనికి వకీలెందుకు? వకీళ్లను దొంగలు పెట్టుకుంటరు, కూనీకోర్లు పెట్టుకుంటరు. నేను పెట్టుకుంటె, చేసిండు గాబట్టే పెట్టుకున్నడంటరు."

"పెట్టుకోకముందు ఏమంటున్నరు? దేవుడంటున్నరా?"

"పెద్దమనిషి కోర్టుల ప్రమాణం జేసినంక అబద్ధమాడడు."

"ఆయన అబద్ధమాడుతలేడు బాపూ. నువ్వన్న మాటనే చెప్తుండు."

బాపు ఆ మాటకు కొంచెం తడబడ్డాడు. "అది రివాజు గదనే."

"అది రివాజని జడ్జికి ఎవలు చెప్పాలె? పెద్దమనిషిని అడిగెటోడు లేకుంటె ఆయన ఎందుకు చెప్తడు?"

"నేనే చెప్త."

"నువ్వా? తలకాయ వంచి, చేతులు గట్టుకోని, అలవాటు సొప్పున ముందుగాల తప్పు నాదే అంటవు. ఇగ జడ్జి కలం మూసి ఇంటికి పోతడు."

పక్కన నిలబడ్డ జైలు జవాను పక్కకు తిరిగి నవ్వాడు. బాపు మాత్రం నవ్వలేదు. తల అడ్డంగా ఊపి, వద్దన్నాడు. ఒకసారి వద్దన్నాక మా బాపును కదిలించడం ఎవరి తరమూ కాదు. కూలి తగ్గిస్తే నేయనని కూర్చున్న మనిషి, ఇక్కడ కూడా అట్లాగే కూర్చున్నాడు. ములాఖత్ సమయం అయిపోవస్తున్నదని జవాను చెప్పాడు. నాకు దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చాయి. చువ్వలు పట్టుకున్నాను.

"సరే. వద్దంటె వద్దు. పేషీ నాడు నేను కోర్టుకొస్త. గోదాముకు అగ్గి పెట్టింది నేనే అని జడ్జి ముందర చెప్త."

"పిచ్చి లేసిందానే?"

"చెప్త. నేను అన్నది చెయ్యకుంట ఎన్నడన్న ఉన్ననా? నన్ను తెచ్చి ఈడ ఏస్తరు, నిన్ను ఇడిసిపెడ్తరు. అప్పుడు నాకు వకీలును పెడ్తవా, పెట్టవా?"

"పెడ్త" అన్నాడు బాపు. ఆలోచించుకోకుండా అన్నాడు.

"ఎందుకు? నేను చెయ్యలే గదా. చెయ్యనోళ్లకు వకీలెందుకు?"

బాపు చువ్వల దగ్గరికి జరిగాడు.

"నిజంగనే చేసిననుకో. అప్పుడు పెడ్తవా?"

"అయినా పెడ్త" అన్నాడు. "బిడ్డవు గదనే. ఇల్లమ్మి అయినా పెడ్త."

"మరి నేనేమన్న పరాయిదాన్నా బాపూ? నీకు నేను పెట్టొద్దా?"

బాపుకు సంతకం వచ్చు, కానీ కుడి చెయ్యికి ఇంకా కట్టు ఉంది. ఎడమ చెయ్యి చువ్వల మధ్య నుంచి బయటికి పెట్టాడు. మున్షీ బొటనవేలికి సిరా రాసి వకాల్తునామా మీద నొక్కించాడు. బయటికి వచ్చి జైలు గోడ నీడన కూర్చుని నేను పెద్దగా ఏడ్చాను. మా ఆయన పక్కనే నిలబడి, బస్సుకు ఇంకా వేళ ఉంది, ఏడువు, అన్నాడు.

మేము ఊరికి చేరేలోపే వార్త చేరింది. కులం మమ్మల్ని వెలేసింది. మంగలి రాడు, చాకలి రాడు. ఎదురింటామె నన్ను చూసి తలుపు మూసుకునేది. నిన్న మొన్నటిదాకా మా పొయ్యిలోంచే నిప్పు తీసుకుపోయిన మనిషి. వాడ బావి దగ్గరికి పోతే నా బిందె పక్కకు నెట్టారు. ఆ బిందె తీసుకుని నేను తలవంచుకుని పోతానని అనుకున్నారేమో. బజారు మధ్య నుంచి, అందరి అరుగుల ముందు నుంచి, కావాలనే దూరపు దారి పట్టుకుని మానేరుకు పోయాను. ఇసుకలో చెలిమె తోడుకున్నాను. వాడ బావి నీళ్ల కంటే చెలిమె నీళ్లే తీపిగా ఉన్నాయని నాలుగిళ్లకు వినపడేలా అవ్వతో అన్నాను. అవ్వ మొదట సిగ్గుతో చచ్చిపోయింది. కొన్నాళ్లకు తనూ బిందె పట్టుకుని నా వెంట రావడం మొదలుపెట్టింది. మా ఆయన మానేరు అవతలి ఊళ్లో కూలికి పోయాడు. నేతగాడి చేతులతో మట్టి మోశాడు. ఒక్క రోజు కూడా నన్ను తప్పు పట్టలేదు.

భయం లేదా అంటే, ఉంది. కోర్టు పేషీ దగ్గర పడుతున్నకొద్దీ అన్నం సహించేది కాదు. ఈ వకీలు ముసలివాడు, ఇంగ్లీషు సరిగా రానివాడు, ఓడిపోతే బాపూ పోతాడు, కులమూ పోతుంది. ఉన్నదంతా ఒక కాగితం మీద నొక్కిన వేలిముద్రకు అప్పగించాం. అయినా ఆ మాట బయట ఎవరి ముందూ అనలేదు.

కోర్టు హాలు మా వాడతో నిండిపోయింది. కులపెద్ద తెల్లటి తలపాగా చుట్టుకుని సాక్షి బోనెక్కాడు. ప్రమాణం చేసి, బాపు కులం ముందు వంగి తప్పు తనదేనని చెప్పాడని చెప్పాడు. ఉన్నదే చెప్పాడు. బాపు ముద్దాయి బోనులో తలవంచుకుని నిలబడ్డాడు.

మా వకీలు లేచాడు. గొంతు కూడా పెంచలేదు. ఇద్దరు ముసలివాళ్లు అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టు అడిగాడు.

"పెద్దమనిషి, మీ కులంల పంచాయతి కూసున్ననాడు ముందుగాల ఏం జేస్తరు?"

కులపెద్ద మొహం వెలిగింది. తన కులం కట్టుబాటు గురించి పెద్ద కోర్టులో అడుగుతున్నారు. వివరంగా చెప్పాడు. కండువా ఎట్లా పరచాలో, ఎంత వంగాలో చేత్తో చూపించాడు.

"తప్పు లేనోడు గూడ అట్ల అనాల్నా?"

"అనాలె. కులం ముందర అందరు ఒక్కటే."

"అననోని తగువు ఇనరా?"

"ఇనం."

"ఆ దినం సేటు కండువ పరిచిండా?"

సేటు ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. కులపెద్ద సేటు వైపు చూశాడు. లేదని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ పరచలేదంటే ఆ రోజు పంచాయతే తప్పు నడిపించినట్టు, తన పెద్దరికమే వట్టిదైనట్టు. మనిషిని జైలుకు పంపడానికి వెనకాడని ఆ ముసలాయన, రివాజు తప్పిందని అనడానికి వెనకాడాడు.

"పరిచిండు" అన్నాడు. "పరుచకుంటె నేను కూసోనిస్తనా?"

"ఏమన్నడు?"

"తప్పు నాదే అన్నడు."

"అయితె గోదాముకు అగ్గి పెట్టింది మా మనిషా, సేటా? ఇద్దరు గలిసి పెట్టిన్రా?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి రాయడం ఆపి, కులపెద్ద వైపు చూసి, తనే ఇంకోసారి అడిగాడు. పంచాయతిలో విచారణ జరిగిందా అని. జరగలేదని కులపెద్ద చెప్పాడు. బాపును ఎవరైనా నిప్పు నువ్వే పెట్టావా అని అడిగారా అంటే, అడగలేదని చెప్పాడు. ఆ రోజు చేతులు కాలినవాళ్లు వాడలో ఇంకా ఎవరెవరు ఉన్నారని వకీలు అడిగితే, నిప్పు ఆర్పడానికి ఉరికినవాళ్ల పేర్లు వరుసగా చెప్పాడు. అందులో తన చిన్న కొడుకు పేరు కూడా ఉంది.

బాపును విడిచిపెట్టారు. తీర్పు ఇంగ్లీషులో చదివారు. మాకు ఒక్క ముక్క తెలియలేదు. వకీలు వెనక్కి తిరిగి, "తీస్కపో మీ బాపును" అంటే తెలిసింది. బాపు బోను దిగి వకీలు కాళ్ల మీద పడబోయాడు. వకీలు ఆయన రెక్క పట్టుకుని లేపి, "ఇగ వంగుడు బంద్ జెయ్యి" అని కసిరాడు. నేను ఆ హాల్లోంచి మా వాడ వాళ్లందరి మొహాల్లోకి ఒక్కొక్కరినీ చూస్తూ బయటికి నడిచాను. కొందరు చూపు తిప్పుకున్నారు. తిప్పుకోనివ్వండి.

ఇంటికి వచ్చాక బాపు కొన్నాళ్లు తేరుకోలేదు. తర్వాత వేరే ఊరి సావుకారి దగ్గర నూలు దొరికింది. మగ్గం మళ్లీ ఆడింది. వెలి మాత్రం అట్లాగే ఉంది. ఒకరోజు పొద్దున కులపెద్ద మా అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి కూర్చోలేదు, మేము కూర్చోమనలేదు. బాపు నేస్తూ ఉన్నాడు.

"అయిందేదో అయింది తమ్మీ" అన్నాడు కులపెద్ద. "నిన్ను కులంల కలుపుకుంటం. నువ్వు, నీ బిడ్డ ఒక్కసారి పంచాయతిల నిలవడుండ్రి. కులాన్ని కోర్టుకు గుంజిన తప్పు ఒప్పుకోని, మన్నించుమంటె సాలు. గంతకంటె ఏం లేదు."

నాకు తిక్క లేచింది. కండెల గంప పక్కన పెట్టి లేచాను. నాలుక మీదికి వచ్చిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. అవ్వ నా కొంగు పట్టుకుని లాగింది. అంతలో బాపు మగ్గం ఆపాడు. కాళ్లు గుంటలోనే ఉంచి, చేతులు పడుగు మీద పెట్టుకుని, తల పైకెత్తి కులపెద్ద కళ్లలోకి చూశాడు. నేను పుట్టినప్పటి నుంచి మా బాపు ఆ మనిషిని అట్లా చూడటం ఎరుగను.

"ఆగు అన్నా" అన్నాడు నెమ్మదిగా. "మా వకీలును అడిగి చెప్త."